క్లెయిమ్ చూసే ఆఫీసు మూతపడితే: యాక్సిడెంట్ నష్టపరిహారం కేసును మళ్లీ మన చేతిలోకి తెచ్చుకోవడం ఎలా

మా పిన్ని ఫోన్ చేసినప్పుడు నేను భీమవరం బస్టాండులో ఉన్నాను. "ఆఫీసుకి తాళం వేసుందిరా నాన్నా. బోర్డు కూడా పీకేశారు" అంది. మూడేళ్లుగా బాబాయి యాక్సిడెంట్ కేసు చూస్తున్న కన్సల్టెన్సీ అది. వాళ్లు ఫోన్లు ఎత్తడం మానేస్తే, అమలాపురంలో పొద్దున్నే బస్సెక్కి రాజమండ్రి వెళ్లింది. కింద జిరాక్స్ షాపు అతన్ని అడిగితే, వాళ్లు ఖాళీ చేసి రెండు నెలలైందన్నాడట.

బాబాయి 2020లో రావులపాలెం దాటాక హైవే మీద లారీ గుద్ది చనిపోయాడు. కొబ్బరి తోటల్లో కాయల దింపు పనికి మనుషుల్ని పెట్టి చేయించేవాడు. ఆసుపత్రి వరండాలోనే ఒక ఏజెంటు వచ్చి "మీరేం తిరగక్కర్లేదమ్మా, అన్నీ మేమే చూసుకుంటాం" అన్నాడు. పెద్దకర్మ కాకముందే ఎన్నో కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. అందులో ఏముందో పిన్నికి ఎవరూ చదివి చెప్పలేదు.

ఆ రోజు ఫోన్లో ఆవిడ అడిగింది ఒక్కటే. "అయితే కేసు పోయినట్టేనా?"

కాదు. కేసు ఆ ఆఫీసుది కాదు. మోటారు వాహనాల చట్టం, 1988 సెక్షన్ 166 కింద ట్రిబ్యునల్‌లో (ప్రమాద పరిహారం తేల్చే కోర్టులో) వేసే దరఖాస్తు చనిపోయిన మనిషి కుటుంబం పేరు మీద, లేదా గాయపడిన మనిషి పేరు మీద ఉంటుంది. మధ్యలో ఉన్న కంపెనీ లేచిపోయినా, ఏజెంటు పారిపోయినా, లాయరు చనిపోయినా ఆ హక్కు మనదే. పోయే ప్రమాదం ఉన్నది మాత్రం వాయిదాలు. ఎవరూ హాజరు కాని వాయిదాలు రెండో మూడో దాటితే కోర్టు కేసు కొట్టేయవచ్చు. అందుకే బాధపడటానికి, కోపం తెచ్చుకోవడానికి ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. మేము ఏ వరసలో చేశామో, ఏది ముందే చేసి ఉండాల్సిందో అదంతా ఇక్కడ రాస్తున్నాను. రోడ్డు ప్రమాదాల కేసులకే రాశాను. మన డెల్టాలో జాతీయ రహదారి 16, 216 రెండూ ఊళ్ల మధ్య నుంచే పోతాయి కాబట్టి ఎక్కువ ఇళ్లకు వచ్చే కష్టం ఇదే.

మొదటి రోజు: నంబర్, కోర్టు, వాయిదా తేదీ

ఆఫీసు మూసేశారని తెలిసిన రోజే మూడు సంగతులు కనుక్కోవాలి. అసలు కేసు వేశారా? వేస్తే ఏ కోర్టులో, నంబర్ ఎంత? వచ్చే వాయిదా ఎప్పుడు?

ఇందుకు ఎవరికీ డబ్బులు ఇవ్వక్కర్లేదు. ఫోన్‌లో ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్ ఉంటుంది, వెబ్‌సైట్ కూడా ఉంది. రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని పార్టీ పేరుతో వెతకొచ్చు. మన దగ్గర ఈ కేసులను ఎంవీఓపీ (మోటార్ వెహికల్ ఒరిజినల్ పిటిషన్) అంటారు, మామూలు మాటల్లో ఓపీ. నంబర్, సంవత్సరం కలిపి ఉంటాయి. ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబర్ ఒకటి వేరే ఉంటుంది. అది దొరికితే ఇక ఎప్పుడైనా ఒక్క నిమిషంలో కేసు పరిస్థితి చూసుకోవచ్చు.

వెతకడంలో మమ్మల్ని రెండు రోజులు తిప్పలు పెట్టింది స్పెల్లింగ్. పిన్ని పేరు వెంకటలక్ష్మి. ఆధార్‌లో ఒకలా ఉంది, రేషన్ కార్డులో ఇంకోలా ఉంది. ఒకే ముక్కగా కొడితే ఏమీ రాలేదు. చివరికి ఇంటిపేరులో మొదటి నాలుగు అక్షరాలు మాత్రమే కొట్టి, సంవత్సరం 2020, తర్వాత 2021 అని మార్చి చూస్తే దొరికింది. కోర్టు రికార్డులో వెంకట, లక్ష్మి అని విడగొట్టి, ఇంటిపేరులో ఒక అక్షరం తప్పుగా టైప్ చేశారు. కాబట్టి పూర్తి పేరు కొట్టకండి. ముందు కొన్ని అక్షరాలే కొట్టండి. పిల్లల పేర్లతో, అత్తగారి పేరుతో కూడా వెతకండి, వాళ్లూ పిటిషనర్లుగా ఉంటారు. లారీ యజమాని పేరు తెలిస్తే దానితోనూ చూడండి.

ఏ జిల్లా ఎంచుకోవాలన్నది ఇంకో చిక్కు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి మనం కోనసీమ, పశ్చిమ గోదావరి, ఏలూరు, కాకినాడ అని వేరువేరు అయ్యాం. కోర్టు రికార్డుల్లో మాత్రం పాత జిల్లా పేరు కిందే కేసు కనిపించవచ్చు. కోనసీమ అని వెతికితే రాకపోతే తూర్పు గోదావరి తెరిచి అమలాపురం కోర్టులు చూడండి. భీమవరం, నరసాపురం వాళ్లు పాత పశ్చిమ గోదావరి చూడాలి. ప్రమాదం యానాంలో జరిగితే పుదుచ్చేరి కింద కూడా వెతకాలి, ఆ ఊరు మన మధ్యనే ఉన్నా పాలన అక్కడిది. ఇంకొకటి: చట్టం ప్రకారం ఈ కేసు ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. క్లెయిమ్ చేసేవాళ్లు ఉండే చోట, ఎదుటి పార్టీ ఉండే చోట కూడా వేయొచ్చు. పెద్ద ఊళ్లో ఆఫీసు పెట్టుకున్న కంపెనీలు తమకు వీలైన కోర్టులో వేసి ఉండొచ్చు కాబట్టి విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాద్ కూడా చూసి అప్పుడు లేదనుకోండి.

ఫోన్‌తో కుదరకపోతే నేరుగా కోర్టుకు వెళ్లండి. ఈ-సేవా కేంద్రం ఉన్న కోర్టుల్లో అక్కడ అడగొచ్చు. లేదంటే ఫైలింగ్ సెక్షన్‌లో ప్రమాదం తేదీ, ఎఫ్ఐఆర్ నంబర్, పోలీస్ స్టేషన్ పేరు రాసిన చీటీ ఇచ్చి మర్యాదగా అడిగితే రిజిస్టర్ చూసి చెబుతారు.

మాకు స్క్రీన్ మీద వచ్చిన మాట "డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్". అంటే ఎవరూ హాజరు కాలేదని కొట్టేశారు. అప్పటికి నాలుగు నెలలైంది. పిన్నికి ఆ మాట ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. కానీ అది కూడా బాగు చేసుకోగలిగిన పరిస్థితే, ఎలాగో కింద చెబుతాను.

అదే రోజు: సంతకం పెట్టిన చెక్కులు, బ్యాంకు ఖాతా

కేసు నంబర్ దొరికినా దొరక్కపోయినా ఆ సాయంత్రంలోపు బ్యాంకుకు వెళ్లండి. ఇలాంటి ఆఫీసులు చాలావరకు కేసు తీసుకునేటప్పుడే ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టించుకుంటాయి, డబ్బు వచ్చాక తమ వాటా పట్టుకుపోవడానికి. కొన్నిచోట్ల పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు కూడా వాళ్ల దగ్గరే పెట్టుకుంటారు. చెక్కు నంబర్లు రాసి, వాటికి చెల్లింపు ఆపమని బ్యాంకుకు కాగితం ఇచ్చి, నకలు మీద సీలు వేయించుకోండి. ఏటీఎం కార్డు బ్లాక్ చేయించండి. ఖాతాకు లింకైన ఫోన్ నంబర్ మీదేనా, ఏజెంటుదా అన్నది తప్పకుండా చూడండి. పిన్ని ఖాతాకు ఆ ఏజెంటు నంబరే ఉంది.

చెల్లింపు ఆపించాక ఎవరైనా ఆ చెక్కు వేసి బౌన్స్ చేయించి లీగల్ నోటీసు పంపితే, పక్కన పడేయకండి. నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే చెక్ బౌన్స్ కేసు వేసే అవకాశం వాళ్లకు వస్తుంది. ఆలోపే లాయరు ద్వారా జవాబు ఇవ్వాలి. మీ బదులు పనులు చేసే అధికారం ఇస్తూ జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చి ఉంటే దాన్ని రద్దు చేస్తూ పత్రం రాయించాలి, రిజిస్టర్ చేసినదైతే రద్దు కూడా రిజిస్టర్ చేయించాలి.

వకాల్తా మీద పేరు ఎవరిది?

చాలామందికి తెలియని ముఖ్యమైన విషయం ఇది. కన్సల్టెన్సీకి కోర్టులో నిలబడే హక్కు లేదు. అడ్వకేట్స్ చట్టం, 1961 ప్రకారం కోర్టులో వాదించే హక్కు నమోదైన లాయర్లకే. అంటే మీ కేసులో వకాల్తా మీద, అంటే మీ తరఫున వాదించమని లాయరుకు రాసిచ్చిన పత్రం మీద, ఒక లాయరు పేరు తప్పకుండా ఉంటుంది. ఆఫీసు మూతపడినా ఆయన ఎక్కడో ప్రాక్టీస్ చేస్తూనే ఉండొచ్చు. ఈకోర్ట్స్‌లో కేసు తెరిస్తే పిటిషనర్ పేరు పక్కన ఆయన పేరు కనిపిస్తుంది. ఆ ఊరి బార్ అసోసియేషన్‌లో అడిగితే ఎక్కడుంటారో చెబుతారు.

మా కేసులో ఆ లాయరు గారిని పిన్ని ఒక్కసారి కూడా చూడలేదు. మేము వెళ్లి కూర్చున్నప్పుడు ఆయన తప్పించుకోలేదు. కంపెనీ తనకు ఏడాదిగా ఫీజు ఇవ్వలేదని, కేసులు చూడటం మానేశానని చెప్పారు. ఆ మాట నాకు నచ్చలేదు. వకాల్తా తీసుకున్నది పిన్ని తరఫున, కంపెనీ తరఫున కాదు. కానీ అక్కడ గొడవ పెట్టుకోలేదు. మాకు కావలసింది ఫైలు కట్ట, వేరే లాయరును పెట్టుకోవడానికి అభ్యంతరం లేదన్న నో అబ్జెక్షన్ సంతకం. ఆ రెండూ తీసుకున్నాకే మిగతా మాట. మీరూ అలాగే చేయండి.

లాయరు ఫీజు బాకీ ఉందని కట్ట ఇవ్వనంటే ఒక విషయం గుర్తుంచుకోండి. ఫీజు కోసం క్లయింటు కాగితాలను పట్టుకుని కూర్చునే హక్కు లాయరుకు లేదని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చి చెప్పింది. కోపంగా కాక నెమ్మదిగా, కానీ రాతపూర్వకంగా అడగండి. తేదీ వేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

కాగితాలు ఆఫీసు లోపలే ఉండి తాళం వేసి ఉంటే, తాళం పగలగొట్టడం లాంటి పని చేయొద్దు. బిల్డింగ్ యజమానిని కలవండి. అద్దె బాకీ పెట్టి పోయిన వాళ్ల సామాను ఆయన దగ్గరే ఉంటుంది. మీ ఫైలు మీ పేరుతో ఉందని, ఇద్దరు పెద్దమనుషుల ముందు సంతకం పెట్టి తీసుకుంటామని చెబితే చాలామంది ఒప్పుకుంటారు.

కట్ట దొరక్కపోతే కాగితాలు మళ్లీ పుట్టించడం

ఇది భయపెట్టే పనిలా కనిపిస్తుంది గానీ, నిజానికి ఒక వారం తిరుగుడే. దాదాపు ప్రతి కాగితానికీ అసలు ఇంకెక్కడో ఉంటుంది.

కేసు వేసి ఉంటే పిటిషన్, దానితో పెట్టిన కాగితాలు కోర్టు ఫైలులో ఉంటాయి. కాపీ అప్లికేషన్ పెట్టి సర్టిఫైడ్ కాపీలు తీసుకోవచ్చు. ఎఫ్ఐఆర్, పంచనామా, ఛార్జిషీటు, పోస్టుమార్టం రిపోర్టు, వాహన తనిఖీ అధికారి ఇచ్చిన ఎంవీఐ రిపోర్టు క్రిమినల్ కేసు నడిచే మేజిస్ట్రేట్ కోర్టులో ఉంటాయి. అక్కడా అదే పద్ధతి. లారీకి ప్రమాదం నాటికి ఇన్సూరెన్స్ ఉందా, ఏ కంపెనీది అన్నది ఛార్జిషీటు, ఎంవీఐ రిపోర్టుల్లో చూడండి. బండి నంబరుతో ఎంపరివాహన్ యాప్‌లోనూ కొంత తెలుస్తుంది. మరణ ధ్రువీకరణ పత్రం పంచాయతీ లేదా మున్సిపాలిటీలో, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ సచివాలయం ద్వారా తహసీల్దారు ఆఫీసులో తీసుకోవాలి.

ఆసుపత్రి కాగితాల దగ్గర మాత్రం ఆలస్యం చేయొద్దు. వైద్య మండలి నియమావళి ప్రకారం డాక్టర్లు వైద్యం మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు రికార్డులు ఉంచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. 3 ఏళ్లు దాటాక ఉంచుతారన్న గ్యారంటీ లేదు. గాయపడి బతికినవాళ్ల కేసుల్లో ఆ కేస్ షీటే ప్రాణం, వైకల్యం ఎంత శాతం అన్నది దాని మీదే తేలుతుంది. ముందు ఆసుపత్రికి వెళ్లండి, తర్వాతే తహసీల్దారు ఆఫీసుకు.

కొత్త లాయరు, ఫీజు సంగతి

పాత లాయరు నో అబ్జెక్షన్ రాసిస్తే కొత్త వకాల్తా సులువుగా దాఖలవుతుంది. ఇవ్వకపోతే పని ఆగదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 3 రూల్ 4 ప్రకారం కోర్టు అనుమతితో మీరే పాత వకాల్తాను రద్దు చేసుకోవచ్చు. అడిగాం, ఇవ్వలేదు అని చూపడానికి ఆ రిజిస్టర్డ్ పోస్టు రసీదు పనికొస్తుంది. పాత లాయరు చనిపోయి ఉంటే ఆయన వకాల్తా అంతటితో ముగిసినట్టే, నేరుగా కొత్తది వేయొచ్చు.

డబ్బు లేదని ఆగిపోకండి. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987 సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. భర్త పోయిన ఇల్లాలు ఎవరైనా దీని కిందికి వస్తుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ జిల్లా కోర్టులో, మండల కమిటీలు మిగతా కోర్టుల్లో ఉంటాయి. ఫోన్ నంబర్ 15100. ఉచిత లాయరు అంటే పట్టించుకోరని మన ఊళ్లలో ఒక అనుమానం ఉంది. పిన్నికి దొరికిన ఆవిడ చిన్న వయసు లాయరు, ప్రతి వాయిదా సాయంత్రం ఫోన్ చేసి ఏం జరిగిందో చెప్పేది. మూడేళ్లలో ఆ కన్సల్టెన్సీ నుంచి అలాంటి ఫోన్ ఒక్కటి రాలేదు.

ప్రైవేటు లాయరును పెట్టుకుంటే ఫీజు ఇంత అని కాగితం మీద రాయించుకోండి. వచ్చిన దాంట్లో ఇంత శాతం అని లాయరు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. 2017 డిసెంబర్‌లో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక యాక్సిడెంట్ నష్టపరిహారం కేసులోనే సుప్రీంకోర్టు ఈ మాట గట్టిగా చెప్పింది. వచ్చిన పరిహారంలో శాతం లెక్కన ఫీజు అడిగి, క్లెయిమ్ వేసిన ఆవిడ చేత చెక్కు తీసుకుని, అది బౌన్స్ అయిందని లాయరు వేసిన కేసును కోర్టు కొట్టేసింది. కాబట్టి మూతపడిన ఆఫీసు తరఫున ఎవరైనా వచ్చి "అగ్రిమెంటు ఉంది, 30 శాతం మాది" అంటే బెదరకండి, ఆ కాగితం నకలు అడిగి కొత్త లాయరుకు చూపించండి.

కేసు ఏ దశలో ఉందో దాన్నిబట్టి

కేసు నడుస్తూ ఉంటే పని తేలిక. కొత్త వకాల్తా వేసి, వచ్చే వాయిదాకు మీరు కూడా వెళ్లి కూర్చోండి. పిటిషన్ కాపీ తెలుగులో చెప్పించుకుని వయసు, సంపాదన, పిల్లల పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. తప్పులుంటే సవరణకు ఇప్పుడే పెట్టాలి.

కొట్టేసి ఉంటే, మాలాగా, పునరుద్ధరణ పిటిషన్ వేయాలి. గడువు కొట్టేసిన తేదీ నుంచి 30 రోజులు. దాటిపోతే ఆలస్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఇంకో పిటిషన్ కలిపి వేయాలి, అందులో ప్రతి రోజు ఆలస్యానికీ నమ్మదగిన కారణం చూపాలి. ఇక్కడే పిన్ని గోడ క్యాలెండర్ మమ్మల్ని ఆదుకుంది. ఏజెంటు ఫోన్‌లో చెప్పిన ప్రతి వాయిదానూ ఆవిడ ఆ తేదీ గడిలో నీలం పెన్నుతో "వాయిదా" అని రాసుకుంది, పక్కనే పాల లెక్క, చీటీ డబ్బు లెక్క. కేసు కొట్టేసిన తర్వాత కూడా రెండు తేదీలు ఉన్నాయి, అంటే లేని కేసుకు వాయిదాలు చెప్పారు. ఆ మూడేళ్ల క్యాలెండర్లూ వంటింటి అటక మీద ఉన్నాయి. ఆ పేజీల జిరాక్సులు, ఫోన్ కాల్స్ జాబితా, మూసి ఉన్న షట్టర్ ఫోటో అఫిడవిట్‌కు జత చేశాం. ఆవిడ నిర్లక్ష్యం చేయలేదని కోర్టు నమ్మింది, కేసు మళ్లీ ఫైలు మీదికి వచ్చింది. ఇలాంటప్పుడు కొట్టేసిన రోజు నుంచి తిరిగి తెరిచిన రోజు వరకూ వడ్డీ వదులుకోమని కోర్టు షరతు పెట్టొచ్చు. ఒప్పుకోవచ్చు.

పాత కేసును వదిలేసి కొత్తగా ఇంకోటి వేద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే తొందరపడొద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 171 ప్రకారం వడ్డీని క్లెయిమ్ వేసిన తేదీ కంటే వెనక్కి లెక్కించరు. 20 లక్షల పరిహారం మీద ఏడాదికి 7.5 శాతం వేసినా లక్షన్నర. పాత నంబరు బతికించుకుంటే గడిచిన ఏళ్ల వడ్డీ బతుకుతుంది.

అసలు కేసే వేయలేదని తేలితే? ముందు పోలీస్ స్టేషన్‌లో ఒక సంగతి అడగండి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం దర్యాప్తు అధికారి ప్రమాదంపై పూర్తి నివేదికను 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు పంపాలి. సెక్షన్ 166(4) ప్రకారం ఆ నివేదికనే ట్రిబ్యునల్ క్లెయిమ్ దరఖాస్తుగా తీసుకోవాలి. అంటే ఏజెంటు ఏమీ చేయకపోయినా మీ పేరు మీద ఒక నంబరు ఉండే అవకాశం ఉంది. అదీ లేకపోతే వెంటనే కొత్త కేసు వేయండి. ప్రమాదం జరిగిన 6 నెలల్లో వేయాలన్న గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. దాని చెల్లుబాటు మీద సుప్రీంకోర్టులో సవాళ్లు ఉన్నాయి. గడువు దాటిందన్న ఒక్క కారణంతో క్లెయిమ్‌లు కొట్టేయొద్దని ఆ కోర్టు 2025 నవంబర్‌లో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 6 నెలలు దాటాయని మీ అంతట మీరే ఆశ వదులుకోకండి, ఇవాళ్టి పరిస్థితి లాయరును అడిగి వేయండి. గుద్దిన బండి ఏదో తెలియకపోతే దారి వేరు. హిట్ అండ్ రన్ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇస్తారు, దరఖాస్తు రెవెన్యూ అధికారుల దగ్గర పెట్టాలి.

తీర్పు వచ్చేసి ఉంటే రెండు విషయాలు చూడాలి. డబ్బు జమ అయిందా? అయితే ఎవరు తీసుకున్నారు? తీర్పు తర్వాత 30 రోజుల్లో ఇన్సూరెన్స్ కంపెనీ చెల్లించాలని చట్టం. జమ అయి కోర్టు ఖాతాలో ఉంటే చెక్ పిటిషన్ వేసి తీసుకోవాలి, మైనర్ల వాటా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంటుంది. అలా ఎవరూ అడగక కోర్టుల్లో మూలుగుతున్న పరిహారం సొమ్ము చూసి సుప్రీంకోర్టు 2025లో, డబ్బు నేరుగా హక్కుదారుల ఖాతాల్లోకే వెళ్లాలని ఆదేశించింది. అందుకే మీ సొంత ఖాతా వివరాలు, మీ సొంత ఫోన్ నంబరు కోర్టు రికార్డులో ఉండేలా మెమో వేయించండి. పరిహారం తక్కువ అనిపిస్తే హైకోర్టుకు అప్పీలు గడువు 90 రోజులు.

"ఇప్పుడే సెటిల్ చేసేద్దాం" అనేవాళ్లు వస్తారు

ఆఫీసు మూతపడిన వార్త తెలియగానే వేరే ఏజెంట్లు ఇంటికి వస్తారు. పిన్ని దగ్గరికి ముగ్గురు వచ్చారు. ఒకాయన 6 లక్షలకు వారంలో తేల్చేస్తానన్నాడు. చేతిలో రూపాయి లేని మనిషికి 6 లక్షలు పెద్ద మొత్తంలాగే వినిపిస్తుంది. అప్పుడే కాగితం తీసి లెక్క వేయాలి.

సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ, 2017లో ప్రణయ్ సేథీ తీర్పుల్లో ఇచ్చిన పద్ధతి ఇది. చనిపోయిన మనిషికి 38 ఏళ్లు, సొంత పని, నెలకు 15,000 సంపాదన అనుకుందాం. 40 ఏళ్లలోపు సొంత పని చేసుకునేవారికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపాలి, 21,000 అయింది. ఏడాదికి 2,52,000. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి, మొత్తం నలుగురు ఆధారపడ్డారు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 1,89,000 మిగిలింది. 36 నుంచి 40 ఏళ్ల మధ్య వయసుకు 15తో గుణించాలి. 28,35,000 వచ్చింది. అంత్యక్రియల ఖర్చు లాంటివి, వడ్డీ దీనికి అదనం. సంపాదనకు రుజువు లేదని ఇన్సూరెన్స్ వాళ్లు వాదిస్తారు, కోర్టు తక్కువ ఆదాయం లెక్క కట్టొచ్చు. అయినా 6 లక్షలకూ దీనికీ ఎంత దూరముందో చూడండి.

రాజీ చెడ్డదని కాదు. లోక్ అదాలత్‌లో, మీ లాయరు పక్కన ఉండి, లెక్క మీకు తెలిసి ఒప్పుకుంటే తొందరగా డబ్బు చేతికొస్తుంది. కానీ అక్కడ కుదిరిన ఒప్పందం మీద అప్పీలు ఉండదు. సంతకం పెట్టే ముందు ఈ లెక్క ఒకసారి మీ చేత్తో వేసుకోండి.

ఆ ఆఫీసు మీద ఫిర్యాదు

దీన్ని చివర్లో పెట్టాను. కేసు నిలబెట్టుకోవడం ముందు, వాళ్ల సంగతి తర్వాత.

కంపెనీకి కట్టిన డబ్బు కోసం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, గడువు 2 ఏళ్లు. కట్టింది 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. సలహాకు 1915కు ఫోన్ చేయొచ్చు. లాయర్ల సేవలు మాత్రం వినియోగదారుల చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు 2024 మేలో చెప్పింది, కాబట్టి లాయరు మీద ఫిర్యాదు రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు అడ్వకేట్స్ చట్టం సెక్షన్ 35 కింద ఇవ్వాలి. వసూలు చేసి కేసే వేయకపోయినా, మీ సంతకంతో డబ్బు తీసేసుకున్నా అది పోలీసులకు చెప్పాల్సిన నేరం. 2024 జులై 1 తర్వాత జరిగిన మోసానికి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 318 ఉంది, నమ్మకద్రోహానికి 316. మీలాంటి బాధితులు ఇంకో నలుగురైదుగురు దొరికితే కలిసి వెళ్లండి, స్టేషన్‌లో వినే తీరు మారుతుంది. అది రిజిస్టర్డ్ కంపెనీ అయి దివాలా ప్రక్రియలోకి వెళ్తే పత్రికా ప్రకటన వస్తుంది. అందులో రాసిన గడువులోపు రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు (ఆ దివాలా ప్రక్రియ నడిపే మనిషికి) మీ బాకీ క్లెయిమ్ పంపాలి. అక్కడి నుంచి పెద్దగా తిరిగి వస్తుందని లెక్క పెట్టుకోవద్దు, అయినా పేరు జాబితాలో ఉండాలి.

పిన్ని సాక్ష్యం పోయిన నెలలో అయింది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఇన్సూరెన్స్ లాయరు బాబాయి సంపాదన గురించి గుచ్చి గుచ్చి అడిగాడు. దింపు లెక్కలు రాసుకున్న బాబాయి చిన్న నోటుబుక్కు ఆవిడ ముందే కోర్టుకు ఇచ్చింది. వచ్చే వాయిదా తేదీ క్యాలెండర్ మీద రాసింది, ఈసారి ఎవరో ఫోన్‌లో చెబితే కాదు, కోర్టు హాల్లో కూర్చుని తనే విని.